గోరు మొలవని చిటికెన వేలు

పొద్దున్నే బడి గంట కొట్టేది గెన్‌పాచి. కొట్టాక పిల్లల చెప్పులు వరసగా సర్ది, ఇరవై మూడు ముక్కులు తుడిచి, తుడిచిన గుడ్డ పిండి ఆరేసి, తనూ వెళ్ళి చివరి వరసలో కూచునేవాడు. ఆ పీట నాలుగేళ్ళ పిల్లల కోసం చేసింది. గెన్‌పాచికి నలభై ఆరు. మోకాళ్ళు చెవుల్ని పలకరించేవి. "ఈ బడిలో నాకంటే మొద్దు ఒక్కడే ఉండేవాడు, వాడు కిందటేడు పై బడికి పోయాడు," అని ఊళ్ళో తనే చెప్పుకునేవాడు, ఇంకొకళ్ళు అనేలోపల.

"గెన్‌పాచిగారూ, ముక్కు చీదుకున్నారా?" అని మిసావో పంతులమ్మ అందరినీ అడిగినట్టే అతన్నీ అడిగేది.

"చీదుకున్నానండీ."

"అయితే పలక తియ్యండి."

హయామీ మిసావో పట్నంలో ఆరేళ్ళు సముద్రజీవుల శాస్త్రం చదివింది. చదివిందంటే, మగవాళ్ళు వాడిన గాజుసీసాలు కడుగుతూ, వాళ్ళు భోజనానికి లేచినప్పుడల్లా మైక్రోస్కోపులోకి తొంగిచూస్తూ నేర్చుకుంది. ఆడదానికి అక్కడ కుర్చీ లేదన్నారు. కొయురా రేవులో తల్లులు ఆల్చిప్పలు వలిచేటప్పుడు పిల్లల్ని చూసుకునేందుకు మనిషి కావాలంటే ఇక్కడికొచ్చింది. పొద్దున పిల్లలు, మధ్యాహ్నం తొట్లలో నక్షత్ర చేపలు.

ఆ నక్షత్రాలే కొయురా వాళ్ళకి శని. ఆల్చిప్పల్ని పట్టి తినేసేవి. అందుకని పడవల మీద వాటిని కసిదీరా నరికి, ముక్కల్ని మళ్ళీ సముద్రంలోకే విసిరేవాళ్ళు. పంతులమ్మ వచ్చిన వారానికే ఒడ్డున నిలబడి అరిచింది: "నరక్కండి! ప్రతి ముక్కా ఇంకో నక్షత్రమవుతుంది. ఒడ్డుకి తెచ్చి ఎండబెట్టండి!"

ఆల్చిప్పల సంఘం పెద్ద ఇనోమాతా చుట్ట తీసి నవ్వాడు. "పిల్లల ముక్కులు తుడవమని పిలిస్తే సముద్రం ముక్కు కూడా తుడుస్తానంటుందేంట్రా!"

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది గెన్‌పాచి. నవ్వి, పెద్దాయన మెప్పుకోసం ఇంకో రెండు నరికి విసిరాడు కూడా. రెండేళ్ళకి రేవులో ఆల్చిప్పలకంటే నక్షత్రాలే ఎక్కువయ్యాయి. ఆవిడ చెప్పింది తప్పయి ఉంటే ఊరు ఎప్పుడో క్షమించేసేది.

ఆ ఏడే నూతి గిలకలో పడి పంతులమ్మ చిటికెన వేలు తెగింది. నలభై రోజుల్లో మళ్ళీ మొలిచింది. ఆవిడ రోజూ కొలిచి పుస్తకంలో రాసుకుంది. చిప్పలు వలిచే ఆడవాళ్ళు "అదృష్టవంతురాలు, చేతి తొడుగుల ఖర్చు లేదు," అనుకుని పనిలో పడ్డారు. అయితే అప్పట్నుంచీ ఆవిడది ఏదైనా కొయ్యడం ఊరికి అలవాటైంది. చలికాలం బొగ్గులు కోశారు. ఆదివారం సెలవు కోశారు. కిటికీ ఉన్న గది కోసి వలలు పెట్టుకున్నారు. ఎవరైనా ఇదేమిటంటే, "ఆవిడకేంలే, మళ్ళీ మొలుస్తుంది," అనేవాడు ఇనోమాతా.

ఒక వేసవిలో పట్నం నుంచి ఉత్తరం వచ్చింది. విశ్వవిద్యాలయం మొదటిసారి ఒక ఆడమనిషిని చేర్చుకుంటుందట. నక్షత్రాల మీద చేసిన పనితో ఏప్రిల్‌లోగా వస్తే డాక్టరు పట్టానికి పరీక్ష పెడతారట. కాకపోతే, చేస్తున్న కొలువు నుంచి విడుదల కాగితం కావాలి, ఎర్రముద్రతో.

ముద్ర ఇనోమాతా నడుముకి వేలాడే సంచిలో ఉంటుంది. "దానికేం భాగ్యం! నీ చోట ఇంకొకర్ని నిలబెట్టి వెళ్ళమ్మా," అన్నాడు. ఆ రేవుకి ఎవరూ రారని ఆయనకి తెలుసు. పదకొండు మందికి రాసింది. ఎవరూ రాలేదు.

ఆకులు రాలే రోజుల్లో ఒక మధ్యాహ్నం పంతులమ్మ గెన్‌పాచిని పిలిచి, కత్తి అతని చేతికిచ్చి, తన ఎడమచెయ్యి చెక్కపీట మీద పెట్టింది.

"వేలొక్కటే అయితే వేలుగానే చస్తుంది. అరచెయ్యి కొంచెం కలిసి రావాలి. ఇదిగో, ఇక్కణ్ణించి."

"నోట్లో వేలు పెడితే కొరకలేనివాణ్ణి. నన్ను కొయ్యమంటారేంటండీ!"

"నక్షత్రాల్ని కోసిన చెయ్యే కదా. వణక్కండి, అంచు చెడుతుంది."

ముక్కని ఉప్పునీళ్ళ తొట్టిలో వేశారు. పిల్లలు వంతులవారీగా ఆల్చిప్ప మాంసం తెచ్చి పెట్టారు. కొత్త సంవత్సరానికి తొట్టిలో పసిపిల్లంత అయింది. చలి విరిగి చెట్లు పూసేసరికి నిండు మనిషయి లేచి, తల తుడుచుకుని, పంతులమ్మ పాత కిమోనో కట్టుకుంది. చెవికింద అదే పుట్టుమచ్చ, అదే గొంతు, అవే పాటలు. ఇనోమాతా ఎగాదిగా చూసి, "దీనికీ బొగ్గులు అక్కర్లేదుగా?" అని అడిగి ముద్ర కొట్టాడు. కాగితం మీద ఒకటే వాక్యం: హయామీ మిసావోను విడుదల చేయడమైనది.

చిక్కంతా గెన్‌పాచికొచ్చింది. కొత్తావిడ అతని పలక చూసి ఫక్కున నవ్వింది.

"ఏంటయ్యా ఇది, పీత పాకినట్టు? ఈ వయసులో నీకెందుకిదంతా?"

పిల్లలూ నవ్వారు. పాతావిడ అయిదేళ్ళలో ఒక్కసారి నవ్వలేదు. కొత్తావిడకి అన్నీ మొలిచాయి గానీ ఓర్పు మొలవలేదు. గెన్‌పాచికి చిన్న అక్షరాలన్నీ వచ్చాయి, బొమ్మల్లాంటి పెద్ద అక్షరాలు అరవై ఎనిమిదొచ్చాయి. పేపరు చదవాలంటే ఇంకో వెయ్యి కావాలి. ఈవిడ దగ్గర ఆ వెయ్యీ రావు. రోజూ పడుకునే ముందు ఆ లెక్కే వేసుకునేవాడు.

ప్రయాణం రోజు రైలుస్టేషనున్న అవతలి ఒడ్డుకి గెన్‌పాచి ఏడింటికి పడవ తియ్యాలి. ఆరున్నరకే పెట్టె, పుస్తకాలతో పంతులమ్మ వచ్చి ఎక్కింది. పడవ అంచు పట్టుకుంది. ఎడమ చిటికెన వేలికి గులాబీరంగు గోరు నిగనిగలాడుతోంది. పాతావిడ వేలు మళ్ళీ మొలిచినా ఈసారి గోరు రాలేదు.

గెన్‌పాచి గోరు చూశాడు. అతను చూడ్డం ఆవిడ చూసింది.

"నేనూ మిసావోనే," అంది. "ఆవిడకేం కావాలో నాకూ అదే కావాలి. వేరేది కావాలని నాకెక్కణ్ణించొస్తుంది? కాగితంలో ఉన్నది ఒక్క పేరే."

"వెనక ఆవిడ..."

"ఓర్పున్న మనిషి. తీరిగ్గా నీకు చదువు చెబుతుంది."

గెన్‌పాచి ఒడ్డు వైపు చూశాడు. ఇంకా ఎవరూ రాలేదు. వెయ్యి అక్షరాలు. తాడు విప్పాడు. ఎన్నడూ లేనంత గట్టిగా తెడ్డు వేశాడు.

తిరిగొచ్చేసరికి రేవులో పాతావిడ ప్రయాణపు కోటు వేసుకుని, ఖాళీ చేతులతో నిలబడి ఉంది. వెనకాల ఇరవై మూడు మంది పిల్లలు. ఆవిడ ముందు తెడ్డు చూసింది, తర్వాత అతన్ని చూసింది.

"గంట కొట్టారా?"

"లేదండీ."

"కొట్టండి."

ఇనోమాతా దగ్గరికి కూడా వెళ్ళింది. "ఒకరు వెళ్ళారు, ఒకరు మిగిలారు. కాగితానికీ మనుషులకీ సరిపోయింది కదమ్మా! ఎవరు ఎవరైతే నాకేం?" అన్నాడాయన. రెండో కాగితానికి ముద్ర లేదు.

ఆవిడ గెన్‌పాచిని ఒక్క మాట అనలేదు. రోజూ చదువు చెప్పింది. మునుపటికంటే శ్రద్ధగా, వానొచ్చినా, జ్వరమొచ్చినా, రోజుకొక పెద్ద అక్షరం. తిడితే బాగుండునని అతను మూడేళ్ళు ఎదురుచూశాడు. ఆ మూడేళ్ళకి వెయ్యీ పూర్తయ్యాయి.

అప్పుడొచ్చింది పట్నం నుంచి అచ్చుపుస్తకం. అట్ట మీద డాక్టర్ హయామీ మిసావో. ఇనోమాతా తల్లుల్ని అందరినీ బడికి పిలిపించాడు, ఊరి పేరు పుస్తకంలోకెక్కిందని. చదవడానికి మాత్రం కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయాడు. ఆయన ఏ కాగితం చదవాల్సొచ్చినా కళ్ళజోడు ఇంట్లోనే ఉంటుంది.

"గెన్‌పాచిగారు చదువుతారు," అంది పంతులమ్మ.

లేచి చదివాడు. తెగిన నక్షత్రాల చేతులు, కొలతలు, నలభై రోజులు. ఎక్కడా తడబడలేదు. "మన గెన్‌పాచేనా!" అని ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. ఛాతీ ఉప్పొంగి చివరి పేజీ తిప్పాడు. చివరి మాటలు రెండే వాక్యాలు. మొదటిది, నమూనాను పెంచడానికి ఆల్చిప్పలు ఇచ్చిన కొయురా సంఘానికి కృతజ్ఞతలు. ఇనోమాతా మీసం దువ్వుకున్నాడు.

రెండోదాని దగ్గర గెన్‌పాచి ఆగిపోయాడు.

"ఈ... ఈ అక్షరం నాకు రాదండీ."

పంతులమ్మ వచ్చి పక్కన నిలబడి, అతని భుజం మీదుగా చూసింది.

"వచ్చు. ఫిబ్రవరిలో చెప్పాను," అని గోరు లేని చిటికెన వేలు ఆ వాక్యం కింద ఆనించింది. "చదవండి. గట్టిగా. వెనక పిల్లలకి వినపడాలి."

గెన్‌పాచి చదివాడు.

"నమూనా కోయగా మిగిలిన మొదటి ముక్క... కొయురా రేవులో... ఇంకా బతికే ఉంది."