ఆరో ముక్క

మూడు రోజుల జ్వరంతో చెల్లి పోయింది. అది పోయిన నాలుగో రోజు నా భర్త ఫ్రిజ్ కడిగాడు. పద్దెనిమిదేళ్లలో ఆయన వంటింట్లో చేసిన మొదటి పని అది. నాకు సాయంగా ఉంటుందనే చేశాడు. ఆ మాట కాదనను.

"ఫ్రీజర్‌లో ఆ చచ్చిన ఈగల డబ్బాలు కూడా ఖాళీ చేసేశా. ఇన్నాళ్లూ ఇది ఫ్రిజ్జో, మ్యూజియమో తెలిసేది కాదు. నువ్వు కాస్త పడుకో," అన్నాడు.

అవి అడవి తేనెటీగలు. తోటలకీ రోడ్లకీ నరకగా మిగిలిన ఆరు అడవి ముక్కల్లో ఏయే రకాలు బతికున్నాయో చెల్లి తన యూనివర్సిటీ పరిశోధన కోసం రెండేళ్లుగా లెక్కపెడుతూ వచ్చింది. పట్టినవాటిని సూదులకు గుచ్చేదాకా పాడవకుండా నా ఫ్రిజ్‌లో దాచేది. ఐదు ముక్కలవి యూనివర్సిటీకి చేరాయి. అన్నిటికన్నా చిన్నదైన ఆరో ముక్కవి మా ఇంట్లో ఉండిపోయాయి. "పెద్ద ఈగలు ఎగిరి ఇంకో ముక్కకి పోతాయక్కా. చిన్నవాటికి అంత దూరం పోయే సత్తువ ఉండదు. అక్కడే ఉన్నాయో, అసలు లేకుండా పోయాయో చూడాలి," అనేది. డబ్బాల్లో వేసే చీటీలు నేనే రాసేదాన్ని, నా అక్షరం పొందికగా ఉంటుందని. ఇప్పుడు డబ్బాలన్నీ కడిగి గట్టు మీద బోర్లించి ఉన్నాయి. నేను ఏడవలేదు. ఆ పూట ఏడిస్తే చెల్లి కోసమే అనుకునేవాళ్లు.

"మగాడు గుడ్డ పట్టి తుడిస్తే ఒక్క మంచి మాట రాలేదు దీని నోట," అంది అత్తయ్య పక్క గదిలోంచి, నాకు వినపడేటట్టే. ఇన్నేళ్లుగా నేను తుడిచినప్పుడు ఎవరు ఏమన్నారో గుర్తు చేసుకోబోయాను. ఏమీ గుర్తు రాలేదు.

నెల తర్వాత చెల్లి ప్రొఫెసర్ ఫోన్ చేశారు. "ఆ ముక్కకి సున్నా వేసేద్దామండీ టీచర్ గారూ. అంత చిన్నదాంట్లో ఏం ఉంటాయి లెండి. పాపం, ఆ అమ్మాయి పని పూర్తయినట్టు ఉంటుంది."

ఆయన కూడా మంచికే అన్నారు. నేను లెక్కల టీచర్ని. చూశాక ఏమీ లేదని తేలితే సున్నా. అసలు చూడకుండా సున్నా వేయడం అబద్ధం.

"వేయకండి సార్. మళ్లీ పూత వచ్చినప్పుడు నేను వెళ్తాను. ఈగల్ని పట్టడం చెల్లి నాకు నేర్పింది," అన్నాను.

ఇప్పుడు పూత మొదలైంది. బడిలో పది రోజుల సెలవు ఇచ్చారు. సోమవారం బస్సుకి టిక్కెట్టు తీసుకున్నాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు.