టైలరమ్మ నరం
క్యాన్సర్ వార్డులో నర్సు శిక్షణకొచ్చిన కొత్తమ్మాయికి అది ఆఖరి పరీక్ష. మందు ఎక్కించే సూదిని ఎవరి సాయమూ లేకుండా, పెద్ద సిస్టర్ కళ్లెదుట నరంలో పెట్టాలి. పెడితే ఈ వార్డులోనే ఉద్యోగం. లేదంటే ఇంకో మూడు నెలల శిక్షణ, అదీ ఎక్కడ పడేస్తారో తెలియదు. మొదటివారం పారిపోదామనుకున్న పిల్లకే ఇప్పుడు ఈ వార్డు వదలాలంటే ప్రాణం ఉసూరుమంటోంది. ఇక్కడ రోగులందరూ ఏడుస్తూ ఉంటారనుకుని వచ్చింది. వీళ్లేమో టీవీ సీరియల్ కథలు చెప్పుకుంటూ, నడుమ నడుమ ఆమె పెళ్లెప్పుడని ఆరా తీస్తారు.

తీరా చూస్తే వంతు టైలరమ్మది. పేగు క్యాన్సరుకు పది నెలలుగా మందు ఎక్కించుకుంటున్న మనిషి. ఆమెకు నరం దొరకడం గగనమని వార్డంతా ఒకటే మాట.

"నలభై ఏళ్లు సూదితోనే బతికానే పిల్లా. చెయ్యి వణికితే కుట్టు వంకరపోద్ది" అంటూ టైలరమ్మ కుడిచెయ్యి చాపింది.

"మీరలా బెదిరిస్తే ఇంకా వణుకుతుంది పెద్దమ్మా!"

వేడినీళ్ల సంచి పెట్టింది, పట్టీ బిగించింది, తడిమి తడిమి ఒకచోట గుచ్చింది. రక్తం రాలేదు. టైలరమ్మ పళ్లు బిగబట్టింది. ఇంకోసారి ప్రయత్నించడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. పెద్ద సిస్టర్ పెన్ను పట్టుకుని చూస్తోంది. దేవుడి మీద భారం వేసి గుచ్చేయొచ్చు. కానీ ఆ చేతినిండా ఉన్న నల్లమచ్చలు చూశాక కొత్తమ్మాయికి మనసొప్పలేదు. పరీక్ష పోతే పోయింది అనుకుంది.

"నాకు దొరకడం లేదు పెద్దమ్మా. మీ చెయ్యి మీకే బాగా తెలుసు. ఎక్కడ పెట్టమంటారు?"

టైలరమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. తర్వాత ఎడమచెయ్యి తిప్పి, మోచేతి కింద వెనకవైపు వేలు పెట్టింది. పైకేమీ కనిపించలేదు. నొక్కితే మాత్రం మెత్తగా తగిలింది. కొత్త సూది ఇట్టే దిగింది. మందు చుక్క చుక్కగా పడసాగింది.

పెద్ద సిస్టర్ సంతకం పెట్టింది. కొత్తమ్మాయికి సంతోషంతో ఒళ్లు తేలికైపోయింది. ప్లాస్టరు అంటిస్తూ ఉండబట్టలేక అడిగింది.

"ఇంత మంచి నరాన్ని పది నెలలు ఎందుకు దాచుకున్నారు?"

"దాచడమేంటే? అడిగితే కదా చెప్పడానికి! వచ్చినవాళ్లంతా వాళ్లే వెతుక్కునేవాళ్లు."

కొత్తమ్మాయి నవ్వబోయి పెద్ద సిస్టర్ వైపు చూసి ఆగిపోయింది. పది నెలల్లో ఆ చేతులకు అందరికంటే ఎక్కువసార్లు సూది గుచ్చింది ఆవిడే.

పెద్ద సిస్టర్ కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది. "ఇంకెక్కడెక్కడ ఉన్నాయో నాకూ చూపించమ్మా" అంది.