సున్నపు పట్టీపై బొటనవ్రేలు

వర్షధారాధౌతములైన కొండలు మరకతకాంతుల నీనుచుండ సముద్రానిలము చెరకుతోటల దూరి మర్మరధ్వనుల రేపుచుండ అనకాపల్లిలోని ప్రాతమేడల గోడలన్నియు శరత్కాలపు నీరెండకు కాగి తేమను విడిచి వృద్ధులవలె నిట్టూర్పులు పుచ్చుచున్న యొక యుదయమున, సున్నపుగచ్చు పనిలో నేబదియేండ్లు నలిగిన హస్తములు గల పోలినాయుడు మేస్త్రి తన దేహమను గోడలో గూడ నొక బీట గలదని వినెను.

ఆ బీట పేరు ప్రోస్టేటు క్యాన్సరు. తాను కట్టిన ప్రహరిని జూచి తుపాను చేతులు జోడించి ప్రక్కవీథి వెంట వెడలిపోయెనని చెప్పి మూడుతరముల వారిని నవ్వించిన యా మహానుభావుడు ఆ దినమున ఆసుపత్రి గది గోడను వ్రేలితో తట్టి చూచుచు కూర్చుండెను.

వైద్యురాలు వసుంధర యోపికతో విప్పిచెప్పెను. ఇది యపాయము తక్కువైన రకము. శస్త్రచికిత్స చేయింపవచ్చును, కిరణచికిత్స చేయింపవచ్చును, కాని వానివలన మూత్రముపై పట్టు తప్పుటయు దాంపత్యసౌఖ్యము సన్నగిల్లుటయు గలదు. అట్లుగాక గడువు తప్పక పరీక్షలు చేయించుచు కనిపెట్టియుండవచ్చును. కొందరికి మాత్రము పిమ్మట చికిత్స యవసరమగును.

"మేస్త్రిగారూ, తొందరేమీ లేదు. మీకు దేనికి ఎక్కువ భయమో ఇంటికెళ్లి మీరూ మీ ఆవిడా మాట్లాడుకోండి. అది తెలిస్తే దారి కలిసి చూద్దాం" అనెను.

ఇల్లు చేరినది మొదలు భార్య సూరమ్మ కోయించి పారవేయుమని పట్టుబట్టెను. అతడు పళ్లెములోని యన్నమును తాపీతో సర్దినట్లు సర్దుచు, పరంజాపై నిలిచి కూలీలయెదుట పంచె తడుపుకొనుటకంటె చావు మేలని గొణిగెను. రెండవ భయమును నోట బలుకక ఆమె మొగమువంక జూచెను. నలుబదియైదేండ్ల సంసారము చేసిన యిల్లాలికి వేరుగ జెప్పవలయునా? ఆమె తలవంచుకొని ముసిముసి నవ్వి, లేచి, వంటయింటి గోడకడకు బోయెను.

ఆ గోడ పదునొకండేండ్ల క్రిందట బీటవారగా పడగొట్టుమని సూరమ్మ నెలదినములు పోరెను. అతడు పడగొట్టక బీటకడ్డముగా బెత్తెడు సున్నపు పట్టీ వేసి, తన పనివారి యాచారము చొప్పున ఇల్లుగలదానిచే తడిసున్నముపై బొటనవ్రేలు నొక్కించెను. గోడ కదలిన పట్టీ పగులును; రహస్యముగా క్రొత్తపట్టీ వేయకుండుటకు వ్రేలిగుర్తు సాక్షి.

ఆమె పట్టీని తడిమి చూచెను.

"ఇరగలేదయ్యా. పదకొండేళ్లు రోజూ దీన్ని సూసినాను. నిన్ను మటుకు సూసుకోలేనేటి?"

"ఇరిగితేనో?"

"ఇరిగిన్నాడే కోయించేద్దాం. పరీచ్చకి ఒక్కపాలి ఎగేసినావంటే మటుకు ఈ గోడ నానే కూలగొట్టేత్తాను."

గోడలు కూల్చుదునని యతనిని బెదరించినవారు లోకమున నామె యొక్కతెయే. నాయుడు చాలదినములకు నవ్వెను.

పదియవదినమున వసుంధర రక్తపరీక్షకు, స్కానింగునకు, ముక్క తీసి చూచు పరీక్షకు గడువులు వ్రాసియిచ్చెను. కనిపెట్టియుందుమను నంగీకారపత్రముపై నతడు సంతకము చేసెను. ప్రక్కన సాక్షిస్థానమున సూరమ్మ వ్రేలు నుంచెను.

"గట్టిగా నొక్కవే. తడారిపోతే గురుతు పడదు" అని మేస్త్రి పరిహసించెను.

ఇంటికి వచ్చి యామె కాళ్లైన కడుగుకొనక నీలిసిరా యంటిన వ్రేలిని వంటయింటి పట్టీలోని గుంటయందు మెల్లగ నుంచిచూచెను. పదునొకండేండ్లలో వ్రేలు ముడుతలుపడెను గాని, గుంటలో చక్కగా నిమిడెను.