జురాండిర్ ప్యాంటు పిండిన రోజు

డోర్వలీనా వారానికి ఐదు రోజులు వాగులో ఊరి బట్టలు ఉతుకుతుంది. ఆమె చేతులు పిండిన బట్ట, ఒంటిమీద ఉండగా విన్నదంతా నీళ్లతోపాటు పైకి వినబడేలా కార్చేస్తుంది. ఇందులో ఊరికి వింతేమీ లేదు. కాకపోతే ఫాదర్ గారు తన అంగీ తానే ఉతుక్కుంటారు. పెళ్లికావలసిన అమ్మాయిలు తమ ఆదివారం గౌన్లు పిండకుండా ఆరేయమని మరీ మరీ చెప్పి వెళ్తారు. మిగతావాళ్ల గుట్టు వాగులో కొట్టుకుపోతుంది, ఎందుకంటే విన్నది ఆమె నోరు దాటదు.

మొగుడు జురాండిర్ బట్టలు మాత్రం ఆమె పిండదు. ఎనిమిది నెలల కిందట అతను ఏడుస్తూ చెరకు సారా మానేస్తానని ఒట్టు వేశాడు. అయితే నీ బట్టలు నేనూ వినను అని ఆమె కూడా ఒట్టు వేసింది. అప్పటినుంచి అతని చొక్కాలూ ప్యాంట్లూ దండెం మీద నీళ్లోడుతూనే ఆరుతున్నాయి.

ఆ మంగళవారం మధ్యాహ్నం రెండింటికి అతను చిక్కుడు చేను నుంచి వచ్చి గడప దగ్గరే తూలాడు. రెప్పలు సగానికి వాలిపోయాయి. నాలుక మడతపడుతోంది. ఆమె ఎదురుగా నిలబడితే పక్కనున్న గోడతో మాట్లాడుతున్నాడు. డోర్వలీనా ప్రాణం ఉసూరుమంది. ఎనిమిది నెలల కష్టం ఒక్కపూటలో మట్టిపాలైందనుకుంది.

"పాము," అన్నాడు. "చేలో. గిలకపాము."

"కొత్త అబద్ధమైనా నేర్చుకోలేకపోయావా?"

తాగే రోజుల్లో అతన్ని మూడుసార్లు పాము కరిచిందట. మూడుసార్లూ స్నేహితులు మందని చెప్పి సారా పట్టించారట. ఆ కథ ఊరందరికీ నోటికొచ్చు. అయినా ఆమె అతని కాలు చూసింది. చీలమండ దగ్గర ముల్లు గుచ్చుకున్నట్టు రెండు చుక్కలున్నాయి, అంతే. అక్కడి పాములు కరిస్తే కాలు గుమ్మడికాయంత అవుతుంది. ఇది నిన్న ఉన్నట్టే ఉంది. నోటి వాసన చూడాలని ఆమెకు తోచనే లేదు. బురద ప్యాంటు విప్పించి, అతన్ని గుడ్డ ఉయ్యాలలో పడుకోబెట్టి, ప్యాంటు తొట్టిలో ముంచింది.

ముంచాక కోపం ఆగలేదు. ఏ కొట్లో పోశారో తెలిస్తే వెళ్లి వాళ్ల దుమ్ము దులపాలనుకుంది. ఒట్టు గుర్తుండగానే ప్యాంటు పిండింది.

ముందు పది గంటల బస్సు హారన్ కారింది. వెంటనే ఎండుకాయలో గింజలాడినట్టు పాము తోక గలగల, ఆపైన జురాండిర్ కేక. చాలాసేపు కీచురాళ్లు తప్ప ఏమీ లేదు. తర్వాత అతని గొంతు, "వాచలేదు, ఏం కాలేదు" అని. ఇంకాసేపటికి అదే గొంతు ముద్దగా వినిపించింది.

"కళ్లు తెరుచుకునేదాకా ఇక్కడే కూర్చుంటా. ఈ మొహంతో వెళ్తే తాగొచ్చానంటుంది. పామంటే అసలే నమ్మదు."

ఎక్కడా గ్లాసు చప్పుడు లేదు.

ఆమె పాలబండి ఒజోరియో ఇంటికి పరుగెత్తింది. అతను కాలికి తాడు బిగిద్దామన్నాడు, గుక్కెడు సారా పడితే మంచిదన్నాడు. ఆమె రెండూ వద్దని బండి తియ్యమంది. ఆస్పత్రి చేరేసరికి జురాండిర్ మెడ నిలపలేకపోతున్నాడు. మూత్రం కాఫీ డికాషన్‌లా వచ్చింది.

డాక్టరమ్మ ఒక్క చూపులో పోల్చుకుంది. ఈ పాము కాలిని వాచనివ్వదట. కళ్లు వాల్చి, కండలు కరిగించి, ఆ కరిగిందాంతో మూత్రపిండాలను మూసేస్తుందట. ఎప్పుడు కరిచిందని అడిగింది.

"పది గంటల బస్సు పోగానే," అంది డోర్వలీనా. "నాలుగు గంటలు చేలోనే కూర్చున్నాడమ్మా. నాకు భయపడి."

గుర్రాల నెత్తురు నుంచి తీసిన విరుగుడు మందు ఇరవై చిన్న సీసాలు సెలైన్‌లో కలిపి ఎక్కించారు. ఒంట్లో తిరుగుతున్న విషాన్నే ఇది పట్టుకుంటుంది, చెడిపోయింది మెల్లగా అదే బాగవ్వాలి అంది డాక్టరమ్మ. సాయంత్రం దాకా ఉయ్యాలలోనే ఉంచితే తన చేతుల్లో ఏమీ ఉండేది కాదని కూడా చెప్పింది. డోర్వలీనా రెండు రోజులు మంచం పక్కన వేలాడే మూత్రం సంచినే చూస్తూ కూర్చుంది. నలుపు టీ రంగుకు దిగింది. మూడో రోజు పొద్దున లేత పసుపైంది. రెప్పలు మాత్రం ఇంకా లేవలేదు.

"పామంటే నమ్మావు కదా," అన్నాడు జురాండిర్, మూతపడ్డ కళ్లతోనే. గొంతులో గర్వం లాంటిది ఉంది.

అవునంటే సరిపోయేది. అబద్ధమాడటానికి ఆమెకు నోరు రాలేదు.

"నమ్మలేదు. ఎక్కడ తాగావో తెలుసుకుందామని ప్యాంటు పిండాను."

ఒట్టు నిలబెట్టుకుంది అతను, తప్పింది తను. తిడితే పడదామని ఆమె తల వంచుకుంది.

"నా రెప్ప ఎత్తు," అన్నాడు జురాండిర్.

ఆమె బొటనవేలితో ఎత్తింది. ఆ ఒక్క కన్ను ఆమెను తేరిపార చూసింది.

"రెండోది కూడా."

"రెండూ తెరిస్తే మనుషులు ఇద్దరిద్దరుగా కనబడతారంది డాక్టరమ్మ."

"ఇద్దరుగానే కనబడు. పిండింది ఒకత్తి. ఇంకొకత్తి నమ్మి ఉంటుందిలే."

డోర్వలీనా రెండో రెప్ప కూడా ఎత్తి, చేతులు నొప్పెట్టేదాకా అలాగే పట్టుకుంది.