అమెరికా ప్రెసిడెంట్ సంతకం, గంగన్న మాట

భూమేశ్ కంచం పట్టుకొని వరుసలో నిలబడగానే గంగన్న గరిటె వెనక్కి తీసుకున్నాడు.

"నీకు లేదు. ఇయ్యాల్టి సంది నువ్వు మెస్సుల లేవు."

ఒమాన్‌లోని దుక్మ్‌లో శుక్రవారం మధ్యాహ్నం. వారమంతా ఎండలో మాడిన ఎనిమిది మంది ఒక్కచోట కూర్చుని కోడికూర తినే పూట అది. తప్పు తనదే. నిన్న వంట వంతు తనది. మూడున్నరకే లేచి ఎనిమిది క్యారియర్లు నింపాల్సినవాడు ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు. అందరూ ఖాళీ కడుపుతో డ్యూటీకి పోయారు. అయినా మెస్సులోంచే తీసేస్తే ఎలా? రూమ్‌కు ఉన్నది ఒక్కటే పొయ్యి. మెస్సు వంట ముగిసి అది తన చేతికొచ్చేసరికి కంపెనీ బస్సు వెళ్లిపోతుంది.

"నువ్వొక్కనివి చెప్తే అయిపోతదా గంగన్నా?" అన్నాడు రఘుపతి. సైట్‌లో కడ్డీలు కట్టే మనిషి, వార్తలంటే చెవి కోసుకుంటాడు.

"ఎందుకు కాదు? లీడర్ను నేను. అమెరికా ప్రెసిడెంట్ ఎవర్ని అడుగుతుండు? కాయితం మీద సంతకం పెడ్తడు, లేపి చూపిస్తడు, దునియా మొత్తం ఉరుకుతది. ఫోన్ల చూస్తలేవా?"

"ఆయనకు గా అధికారం యాడికెల్లొచ్చింది?"

"యాడికెల్లేంది? కుర్చీకెల్లి!"

"కాదు! ఆగుర్రి, మా సింధూజను అడుగుత. గ్రూప్స్‌కు చదువుతున్నది, దానికి గివే పాఠాలు."

"నీ బిడ్డ గప్పుడే జడ్జి అయ్యిందారా?" అని గంగన్న వెక్కిరించాడు. కానీ గరిటె కింద పెట్టేశాడు. ఎవరూ ముద్ద ఎత్తలేదు. రఘుపతి ఫోన్‌లో మాట రికార్డు చేసి పంపాడు. జగిత్యాల నుంచి జవాబు రాగానే ఎనిమిది తలలూ ఫోన్ మీద వాలాయి.

"బాపూ, ప్రెసిడెంట్‌కు సొంతంగ ఏ అధికారం ఉండదు. కొన్ని రాజ్యాంగం ఇచ్చింది. సైన్యానికి ఆయనే పెద్ద, శిక్షలు మాఫ్ చెయ్యొచ్చు, గసుంటియి. ఇంకొన్ని కాంగ్రెస్ చట్టం చేసి ఇచ్చింది. ఎన్కట యుద్ధం నడుస్తుంటే ఒక ప్రెసిడెంట్ ఉక్కు మిల్లులను సర్కారు చేతుల్లకు తీసుకున్నడు. సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ అధికారం రాజ్యాంగంల లేదు, చట్టంల లేదు, ఎట్ల తీసుకుంటవన్నది."

"కొట్టేసింది!" రఘుపతి గంతేసి అల్మారా తలుపు తెరిచాడు. లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంది. మూడేళ్ల కిందట ఈ రూమ్‌లో దిగిన రోజు, గంగన్నను లీడర్‌ను చేసి అందరూ రాసుకున్న మెస్సు కట్టుబాట్లవి. రఘుపతి వేలు పెట్టి గట్టిగా చదివాడు. వంతులు వేసేది లీడర్. సామాను తెచ్చేది లీడర్. మనిషిని తీసెయ్యడం గురించి ఒక్క ముక్క లేదు.

రూమ్ అదిరిపోయేలా ఈలలు వేశారు. భూమేశ్ కంచం మళ్లీ ముందుకు చాపాడు.

గంగన్న మాత్రం కదల్లేదు. "మరి పోయినేడు పోశెట్టిని నేనే తీసేసిన గదా? గప్పుడు రాసున్నదా? ఒక్కడన్న నోరు తెరిసిండ్రా?"

ఈలలు ఆగిపోయాయి. అంతలో ఫోన్ మళ్లీ మోగింది. సింధూజ ఇంకో మాట పంపింది.

"బాపూ, ఒకటి మర్సిన. ప్రెసిడెంట్లు ఏండ్లకేండ్లు ఒక పని చేసుకుంట పోతే, కాంగ్రెస్ సప్పుడు చెయ్యకపోతే, కోర్టులు గదాన్ని సుత ఒక్కోపారి అధికారం లెక్కనే చూస్తయి."

"విన్నరా!" గంగన్న తొడ చరిచాడు. "మీరు సప్పుడు చెయ్యలే, నాకు బలమొచ్చింది!"

భూమేశ్‌కు చెంప మీద కొట్టినట్టయింది. పోశెట్టి మూడు వారాలు ఉత్త ఖుబూస్ రొట్టె నమిలి, చివరికి వేరే రూమ్‌కు మారిపోయాడు. ఆ మొదటి రోజు పోశెట్టి వాటా కూర తన కంచంలోనే పడింది. వద్దనలేదు, ఎందుకనీ అడగలేదు.

"గప్పుడు నోరు మూసుకున్నోళ్లల్ల నేనొకన్ని," అన్నాడు భూమేశ్. "ఇయ్యాల తెరుస్తున్న. నన్ను తియ్యాల్నంటే తియ్యుర్రి. గాని గంగన్న ఒక్కడు గాదు, అందరు కలిసి తియ్యుర్రి. నేనుండాలనేటోళ్లు చేతులు లేపుర్రి."

"నీ చెయ్యి దించు! నీ ఓటు నీకెట్లరా?" అన్నారెవరో. దించాడు. మిగిలింది ఏడుగురు, నాలుగు చేతులు కావాలి. రఘుపతి లేపాడు. ఇంకొకరు. ఇంకొకరు. మూడు దగ్గర ఆగిపోయింది.

కిటికీ దగ్గర కూర్చున్నాయన నిన్న ఆకలికి కళ్లు తిరిగి పని మధ్యలో పరంజా దిగిన మనిషి. భూమేశ్‌ను ఎగాదిగా చూశాడు.

"ఆకలితోని సచ్చింది నేను. ఈన్ని తిడితే నేను తిట్టాలె. నడుమ గంగన్న ఎవడు తీసెయ్యనీకె?" అని చెయ్యి పైకెత్తాడు.

కంచాలు మోగాయి. రఘుపతి భూమేశ్‌ను ఎత్తి గిరగిరా తిప్పాడు. గొడవ సద్దుమణిగేదాకా ఆగి, గంగన్న భూమేశ్ కంచంలో కూర వేస్తూ అడిగాడు.

"లీడర్‌గ నన్నయితే తీసెయ్యలేదు గదా?"

"లేదు లేదు!"

"వంతులు వేసేది లీడరే అని రాసున్నది గదా?"

"ఆఁ, రాసున్నది."

"అయితే రేపు, ఎల్లుండి, ఆవలెల్లుండి వంట భూమేశ్‌దే!"

భూమేశ్ నోరు తెరిచాడు. కాగితం చూశాడు. అది నిజంగానే లీడర్ అధికారం. అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతుంటే తనూ నవ్వుతూ కూర్చుని, ఫోన్‌లో మూడున్నరకు అలారం పెట్టాడు. ఎందుకైనా మంచిదని రఘుపతిని కూడా పెట్టమన్నాడు.