కొలతకు రాని అలసట

ఆదివారం మాంసం కాల్చడం ఇర్మెలా పని. బంగాళాదుంప ముద్దలు ఉడికించడం, తిన్నాక గిన్నెలు కడగడం కూడా ఆమె పనే. గ్రేవీ ఒక్కటి మాత్రం అత్తగారు వాల్‌బుర్గాది. అన్నీ కోడలి చేతికిచ్చేస్తే ఇక ఈ ఇంట్లో తానెందుకంటుందావిడ, ఆ కాస్త గ్రేవీ కలిపి, ఇంటి చాకిరీ అంతా తానే చేసినట్టు కుర్చీలో కూలబడుతూ.

ఆ ఆదివారం ఇర్మెలాకు నిలబడే ఓపిక కూడా లేదు. నోటి నిండా పుళ్ళు, కడుపు ఉబ్బరం, కాళ్ళలో సత్తువ లేదు. ఈ అలసట ఆమెకు కొత్తది కాదు, పదకొండేళ్ళ నాటిది. ఆ పదకొండేళ్ళూ వెళ్ళిన ప్రతి డాక్టరూ ఐరన్ మాత్రలు రాసి పంపించాడు. ఆడవాళ్ళందరికీ ఉండేదేగా, సగంపూట ఉద్యోగానికి మారిపొమ్మన్నాడు భర్త గ్రెగోర్. తాము ఆవుల పాలు పితికి, నలుగురిని కని పెంచినా ఏనాడూ అలసట అన్న మాట ఎరగమంది అత్తగారు. చివరికి మొన్న వసంతంలో మ్యూనిక్‌లో ఒక డాక్టరమ్మ రక్తం తీసి, పేగు ముక్క తీసి చూసి తేల్చింది. గోధుమలోని గ్లూటెన్ ఇర్మెలా ఒంటికి పడదు, చిటికెడు కూడా పడదు.

తమాషా ఏమిటంటే ఇర్మెలా పొద్దస్తమానం ల్యాబ్‌లో చేసే పని ఆ గ్లూటెన్‌తోనే. యూరప్‌లో పండే రకరకాల గోధుమలు కలిపి పట్టించిన పిండిని జల్లించి, అందులోంచి కొవ్వు తీసేయాలి. ఉప్పునీళ్ళతో కడిగి కడిగి, ఆ నీళ్ళు పారబోయాలి. మిగిలినదాన్ని ఆల్కహాల్‌లో తిప్పి, తేట తీసి, గడ్డకట్టించి, తడంతా లాగేస్తే దూదిలాంటి తెల్లటి పొడి మిగులుతుంది. గ్లూటెన్‌లో ముఖ్యభాగమైన దాన్ని గ్లయాడిన్ అంటారు. గ్లూటెన్ లేదని చెప్పి అమ్మే బిస్కెట్లోనో పసిపిల్లల ఆహారంలోనో నిజంగా ఎంతుందో చూడాలంటే ఎక్కడెక్కడి ల్యాబ్‌లకూ కొలబద్ద కావాలిగా, ఆ కొలబద్ద ఈ పొడే. పాత పొడి అడుగంటింది. కొత్తది తయారుచేయాలి, అదీ పాతదానితో తూచినట్టు సరిపోవాలి. ఇన్నేళ్ళ చదువూ అనుభవమూ కలిసి ఆమె చేతికొచ్చిన పని అది.

జబ్బు సంగతి చెబితే ప్రొఫెసర్ హాగ్ నవ్వాడు. "ఇంకేం, మాకు యంత్రాలెందుకండీ? మీరు వాసన చూసి చెప్పేయండి" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. ఇర్మెలా కూడా నవ్వింది, ఆ తర్వాత వారమంతా తనమీద తనకే చిరాకేసింది. మాస్కు పెట్టుకుంది, బట్టలు ల్యాబ్‌లోనే మార్చుకుంది, తలస్నానం చేయకుండా ఇంటికి రాలేదు. ఇంట్లో తన గిన్నెలు వేరు, తన చాకు వేరు, తన పెనం వేరు. గ్రేవీ చిక్కబడటానికి గోధుమ పిండి బదులు మొక్కజొన్న పిండే వేయమని అత్తగారికి చెప్పింది. వేసవికి ఒళ్ళు తేలికపడింది కూడా. ఆకులు రాలే రోజుల్లో పిండి జల్లించే పని మొదలయ్యాక మళ్ళీ మొదటికొచ్చింది. ఎంత జాగ్రత్తపడ్డా పిండి దుమ్మే లోపలికి పోతోందనుకుంది. గ్రెగోర్ కూడా అదే అన్నాడు, ఆ దుమ్ము పని ఎవరైనా కుర్రవాళ్ళకు అప్పగించెయ్యమని రోజూ చెవిలో జోరీగలా పోరుపెట్టాడు.

అందుకే ఆ ఆదివారం బల్ల దగ్గర గ్రేవీ పోసుకుంటూ చెప్పేసింది, రేపు ప్రొఫెసర్‌తో మాట్లాడి పని వదిలేస్తున్నానని. బిడ్డను ఎవరికో ఇచ్చేస్తున్నట్టుంది ఆమెకు.

వాల్‌బుర్గా మొహం వెలిగిపోయింది. "దుమ్మూ లేదు, ధూళీ లేదు. ఆకులు రాలడం మొదలైన దగ్గర్నుంచీ గ్రేవీలో నేను గోధుమ పిండే వేయించి కలుపుతూనే ఉన్నాను. లొట్టలేసుకుంటూ తింటున్నావు. ఏమైందమ్మాయ్ నీకు?"

ఇర్మెలా చెంచా కింద పెట్టింది. గ్రెగోర్ వైపు చూసింది. అతను తల్లి మాటకు ఉలిక్కిపడలేదు. అంటే అతనికి తెలుసు.

"నువ్వే చెప్పావుగా ఇర్మీ," అన్నాడు అతను మెల్లగా, తప్పేం లేనట్టు. "మీ ల్యాబ్‌లలో శుభ్రమైన పిండిలో కాస్త గ్లూటెన్ కలిపి, చెప్పకుండా పరీక్షకు పంపిస్తారని. పట్టుకుంటే పరీక్ష సరైనదని. నీ జబ్బు నిజమేనా అని అమ్మకూ నాకూ అనుమానం ఉండేది. పోట్లాడే బదులు ఇలా తేలిపోతుందనుకున్నాం."

"తేలిందా?"

"కోప్పడకు. నీకు తెలియనే లేదు కదా. వంట చేశావు, బట్టలుతికావు, ఆఫీసుకెళ్ళావు. ఒక్కరోజు మంచమెక్కలేదు. జబ్బంటే అలా ఉంటుందా?"

ఇర్మెలాకు ముందు కోపం రాలేదు, సిగ్గేసింది. నోట్లో పుళ్ళతో ఉప్పు చూసింది, కడుపు పట్టుకుని ఇస్త్రీ చేసింది, మెట్లమీద ఆగి ఆగి బట్టల బుట్ట మోసింది. అదంతా వీళ్ళ కళ్ళముందే జరిగింది. తను దాచిందేమీ లేదు. ఆమె ఎంత నలిగినా బల్లమీదికి పళ్ళెం వచ్చిందా లేదా అన్నదే వాళ్ళు చూశారు. పళ్ళెం వచ్చింది కాబట్టి జబ్బు లేదు. పైగా ఇన్ని వారాలుగా ఆమె తన పనిని, తన పొడిని, తన చేతుల్ని అనుమానించుకుంటుంటే భర్త పక్కన కూర్చుని అవునవునని తలూపాడు. అప్పుడు వచ్చింది కోపం. ఆ కోపానికి కూడా అరిచే ఓపిక లేదు. పళ్ళెం పక్కకు నెట్టి పైకి వెళ్ళి పడుకుంది. కింద కాసేపు గిన్నెల చప్పుడు కోసం చెవులు రిక్కించింది. ఎవరూ కడగలేదు.

సోమవారం ప్రొఫెసర్ గదికి వెళ్ళింది. పని వదిలేస్తాననలేదు. జల్లించే పనికి ఇంకో మనిషి కావాలని, మిగతాదంతా తానే పూర్తి చేస్తానని, వాసన జోకు ఇంకోసారి వద్దని చెప్పింది. ఆయన నవ్వబోయి మానేశాడు. తర్వాత ఆల్కహాల్ తేట తీస్తూ చాలాసేపు నిలబడింది. తేట బాగా వచ్చింది.

సాయంత్రం ఇంటికొచ్చి, బూట్లు విప్పి, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. గ్రెగోర్ వచ్చేసరికి ఆదివారం గిన్నెలు తొట్టిలో అలాగే ఉన్నాయి. బల్ల ఖాళీ. రొట్టె కోసి లేదు, చీజ్ సర్ది లేదు, టీ కాచి లేదు. రొట్టె డబ్బాలోనే ఉంది, చాకు సొరుగులోనే ఉంది, కానీ అతను వాటివైపు చూడలేదు. ఖాళీ బల్లవైపు, తర్వాత భార్యవైపు చూశాడు. అతని మొహంలో నిజంగానే కంగారు కనిపించింది.

"ఇర్మీ, ఒంట్లో బాగోలేదా?"

పదకొండేళ్ళలో అతను ఆ మాట అడగడం అదే మొదటిసారి.

"బాగోలేదు," అంది ఇర్మెలా, కుర్చీలోంచి లేవకుండానే. "ఇక బాగయ్యేదాకా ఇలాగే కూర్చుంటాను."