లేని జింకలు

ఆ నవంబరులో రోడ్డు మీద ఎదురొచ్చిన ప్రతివాడూ నాకు జింకల గురించి హెచ్చరికలు చేయడం మొదలుపెట్టాడు.

మా ఉత్తర మిన్నెసోటాలో ఎదురుబండి లైట్లు రెండుసార్లు ఆర్పి వెలిగించిందంటే ముందు జింక ఉంది, నెమ్మదిగా పొమ్మని. నేను బుద్ధిగా బ్రేకు మీద కాలేసి, రెండువైపులా కళ్ళు చించుకుని చూసేదాన్ని. ఏమీ ఉండేది కాదు. మైలు దాటాక ఇంకొకడు లైట్లు కొట్టేవాడు. మళ్ళీ వెతుకులాట. జింక కాదు కదా, దాని తోక కూడా కనబడేది కాదు.

ఇంటికొచ్చి మా ఆయన డ్వేన్‌కి చెప్పాను.

"జింకలు లేకేం, ఉంటాయి. నీకే కనబడటం లేదు," అన్నాడు దుంపల కూర మీంచి తలెత్తకుండా. "కళ్ళు పోతున్నాయే మార్లిస్. ఇక చీకటి పడ్డాక బండి ఎక్కకు."

"మనకి నాలుగున్నరకే చీకటి పడుతుంది. ఇంకెప్పుడు ఎక్కను?"

"ఎక్కకు మరి."

టౌన్లో మా ఆడవాళ్ళ కర్లింగ్ జట్టుకి నేను నాయకురాలిని. మంచు మీద రాయి ఎటు జారాలో అవతలి కొసన నిలబడి చెప్పేది నేనే. ఆటలన్నీ సాయంత్రాలే. నా చలికాలానికి ఆ ఆటలే దిక్కు, మిగతాదంతా మంచు ఎత్తిపోయడం, డ్వేన్ మొహం చూడటం. బండి మానేస్తే వసంతం వచ్చేదాకా ఇంట్లో ఖైదే. అబద్ధమెందుకు, ఏడుపొచ్చింది. పైగా ఏదీ అంతుబట్టడం లేదు. ఈ కొస నుంచి ఆ కొసన ఉన్న రాళ్ళ మధ్య వేలెడు సందు కనబడే నాకు, రోడ్డు మీద దూడంత జింక ఎందుకు కనబడదు?

పక్క పొలం లెరాయ్ స్కార్ప్ కర్లింగ్ క్లబ్బులో నన్ను పట్టుకుని ఆపాడు.

"ఏవమ్మా మార్లిస్, లైట్లేసి పైన దేవుణ్ణి వెతుకుతున్నావా? నిన్న నా కళ్ళల్లోకే కొట్టావు, కాలవలో పడబోయాను. దించుకోమని రెండుసార్లు లైట్లు కొట్టి చెప్పాను కూడా!"

"అది జింక ఉందని కాదా?"

"జింకా? ఏం జింక?"

ఆ పూట క్లబ్బంతా నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను. కళ్ళు బాగున్నాయని తెలిసిన సంతోషం ముందు నవ్వులపాలవడం ఎంత!

శనివారం లెరాయ్ వచ్చి మా ట్రక్కుని షెడ్డు లోపలి గోడకి ఎదురుగా, చదును నేల మీద నిలబెట్టించాడు. ట్రక్కు వెనక పెట్టెలో చూసి తల కొట్టుకున్నాడు. చక్రాలు జారకుండా చలికాలం రాగానే అందరిలాగే డ్వేన్ కూడా ఇసుక బస్తాలు ఎక్కించాడు. "వెనక కుంగితే ముక్కు లేస్తుంది. లైట్లు చెట్ల కొమ్మలకి పోతాయి," అన్నాడు లెరాయ్. బస్తాలు అలాగే ఉంచి, లైట్ల ఎత్తు కొలిచి, గోడ మీద అదే ఎత్తులో ఎర్ర టేపు అంటించాడు. బానెట్ ఎత్తి, లైట్ల వెనకున్న స్క్రూలు తిప్పి, వెలుగు పై అంచుని టేపుకి కొంచెం కిందికి దించాడు. ఆ సాయంత్రం రోడ్డు నా ముందు శుభ్రంగా కనబడింది. ఒక్కడూ లైట్లు కొట్టలేదు.

మంగళవారం మళ్ళీ కొట్టారు.

బస్తాలు చూశాను, ఎక్కడివక్కడే ఉన్నాయి. గోడకి వేసి చూస్తే వెలుగు టేపు కంటే జానెడు పైకి పోయింది. నేనే స్క్రూ తిప్పి దించాను. గురువారానికి మళ్ళీ పైకి! గతుకులకి స్క్రూలు వదులవుతాయేమో అన్నాడు లెరాయ్. వదులైతే ఒకటి పైకి, ఒకటి కిందికి పోవాలి గానీ, రెండూ కూడబలుక్కుని పైకే పోతాయా?

"తిప్పాననుకుని తిప్పలేదేమో," అన్నాడు డ్వేన్. "మతి కూడా పోతోందా ఏంటి?"

నాకూ అదే అనుమానం పట్టుకుంది. స్క్రూ తిప్పిన చేతిని చూసుకుని, నిజంగా తిప్పానా అని నన్ను నేనే అడిగేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఉత్తరాల డబ్బా దాకా నడిచి తిరిగొచ్చేసరికి షెడ్డులో బానెట్ లేచి ఉంది. దాని కింద డ్వేన్, చేతిలో స్క్రూడ్రైవర్.

"ఏం చేస్తున్నావయ్యా?"

ఉలిక్కిపడి బానెట్‌కి తల కొట్టుకున్నాడు. "నువ్వు దించి పారేస్తుంటే పొద్దున చీకట్లో టౌన్లో కాఫీకి పోయేటప్పుడు నాకు రోడ్డు కనబడి చావద్దూ!"

ఒళ్ళు మండిపోయింది. "ఇన్నాళ్ళూ నన్ను గుడ్డిదాన్ని, మతిలేనిదాన్ని చేసింది నువ్వా? రా ఇలా." లైట్లు వేశాను. "గోడ చూడు. వెలుగు టేపుకి పైనుందా, కిందుందా?"

గోడ వైపు చూశాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూశాడు.

"ఏ టేపు?" అన్నాడు.

తెల్ల గోడ మీద అరచేతి వెడల్పు ఎర్ర టేపు. వేళాకోళమేమో అని మొహంలోకి చూశాను. కాదు. నా కోపం ఎటు పోయిందో తెలీదు, దాని చోట భయం వచ్చి కూర్చుంది.

"నీకూ కనబడటం లేదంటే ఇది వయసేలే అనుకున్నాను," అన్నాడు మెల్లగా. "నా ఒక్కడికే కాదులే అనుకున్నాను."

చీకటి పడ్డాక బండి ఎక్కకు అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అది ఎంత బరువో నాకు తెలుసు కాబట్టి అనలేకపోయాను. అతనే జేబులోంచి తాళాలు తీసి నా చేతిలో పెట్టాడు. సోమవారం కళ్ళ డాక్టరు దగ్గరికి పోదామంటే తలూపాడు. నేను లైట్లు దించుతుంటే పక్కనే నిలబడి, "సరిపోయిందా?" అని అడిగాడు. సరిపోయిందన్నాను.

ఆ సాయంత్రం ఆటకి తనూ వచ్చాడు, పక్క సీట్లో కూర్చుని. దారిలో ఒకసారి అడిగాడు, "ఇప్పుడు ఎక్కడున్నాం?" అని. పెళ్ళయినప్పటి నుంచీ తిరుగుతున్న దారి అది.

లెరాయ్ వాళ్ళ మలుపు దాటామని చెప్పాను. ఆ తర్వాత వంతెన, చర్చి, రంపపు మిల్లు, ఏది వచ్చినా అతను అడక్కుండానే చెప్పుకుంటూ పోయాను.